నడుమ దొరికిన శుక్రవారం

మొన్న సాయంత్రం మా అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో ఒక సమీకరణం కొట్టింది. కొట్టీ కొట్టగానే తెర మీద గీత వచ్చేసింది. ఎడమవైపు నేల మీంచి లేచి, పైదాకా వెళ్లి, మెల్లగా వంగి, కుడివైపు మళ్లీ నేల మీదికి దిగింది. హోంవర్కులో అడిగినవి నాలుగే. గీత శీర్షం ఎక్కడ, ఏ గీత దగ్గర మడిస్తే రెండు సగాలూ కలుస్తాయి, అక్షాలను ఎక్కడెక్కడ తాకింది, దాని గరిష్ఠ విలువ ఎంత.

“వేలు పెడితే అదే చెప్పేస్తుంది మమ్మీ, చూడు” అని తెర మీద వేలు ఆనించింది. గీత పైభాగంలో చిన్న చుక్క వెలిగి, పక్కన రెండు అంకెలు వచ్చాయి. మొత్తం పనికి అర నిమిషం పట్టింది.

అదే పనికి మా అమ్మకు ఒక వేసవి మొత్తం పట్టింది. ఆ వేసవి మా ఇంట్లో అందరం, శుక్రవారం భోజనానికి వచ్చే మనిషితో సహా, ఆ గీత వెనకే తిరిగాం. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేసరికి మా అమ్మాయి పుస్తకం మూసి లేచిపోయింది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

అప్పుడు మేం బహ్రెయిన్ దీవిలో, హూరా అనే పేటలో ఉండేవాళ్లం. మూడంతస్తుల పాత భవనంలో పై అంతస్తు, ఒక గదీ వంటిల్లూ మాది. ఇప్పుడక్కడ అద్దాల హోటలు లేచింది. అప్పట్లో కింద రొట్టెల బట్టీ ఉండేది. పొద్దున్నే ఖుబ్జ్ రొట్టెలు కాలే వాసన మెట్లెక్కి మా తలుపు కిందినుంచి లోపలికి వచ్చేది. నన్ను నిద్ర లేపేది అదే. బట్టీలో నుంచి తెచ్చిన రొట్టెను నేను దారిలోనే అంచుల వెంట కొరుక్కుంటూ వచ్చేదాన్ని. ఇంటికి చేరేసరికి అది సగం సైజుకి వచ్చేది. అమ్మ దాన్ని చేతిలో తిప్పి చూసి, “ఇవాళ ఎలకలు మెట్ల మీదే ఉన్నట్టున్నాయి” అనేది.

అమ్మ జుఫైర్‌లో ఒక హోటలు లాండ్రీలో పని చేసేది. ఉదయం డ్యూటీ. మూడింటికి ఇంటికి వచ్చేసరికి ఆమె చేతులకు గంజి వాసన, చీరకు వేడి ఇస్త్రీ వాసన ఉండేవి. నాన్న మంచినీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. కుళాయిలో వచ్చే నీళ్లు ఉప్పగా ఉండేవి కాబట్టి తాగే నీళ్లు ఇంటింటికీ ట్యాంకర్లలో వెళ్లేవి. మనిషి మంచివాడు, మాట తక్కువ. ఎంత పెద్ద గొడవనైనా “ఖలాస్” అనే ఒక్క మాటతో ముగించేసేవాడు. మా చుట్టుపక్కల అరబ్బులు అయిపోయిందని చెప్పడానికి వాడే మాట అది. అన్నం చాలన్నా, కోపం చాలన్నా నాన్నకు అదొక్కటే మాట.

ఆ ఏడు వేసవి మొదట్లో లాండ్రీ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ కాబోతోందని తెలిసింది. అమ్మకు పని మీద అందరికంటే ఎక్కువ పట్టు ఉంది. మేనేజరు కూడా అదే అన్నాడట. కాని ఫైల్లో పెట్టడానికి పదో తరగతి సర్టిఫికెట్ కావాలన్నాడు.

అమ్మ దగ్గర అది లేదు. కాకినాడ పక్కన సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి రొయ్యల షెడ్డులో పనికి వెళ్లింది. అంతకు ముందు ఏడాదే ఓపెన్ స్కూల్లో పేరు కట్టి, బయట ఎవరికీ చెప్పకుండా పరీక్షలు రాసింది. అన్నీ పాసై లెక్కల్లో తప్పింది. మళ్లీ రాయడానికి చలికాలం మొదట్లో అవకాశం ఉంది.

ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఉంది. అక్కడ సెలవు రోజైన శుక్రవారం పొద్దున మేం వెళ్లే తెలుగు క్రైస్తవ సహవాసంలో అమ్మ స్త్రీల బృందానికి కార్యదర్శి. పాటల కాగితాలు రాయడం, ప్రార్థన మనవుల జాబితా చదవడం ఆమె పని. కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరో “ఎంతవరకు చదువుకున్నారు సిస్టర్” అని అడిగితే, పక్కన అందరూ డిగ్రీలు చెబుతుంటే, అమ్మ నోట్లోంచి “పది పాసయ్యాను” అని వచ్చేసింది. ఆ మాటతోనే ఆమెను కార్యదర్శిని చేశారు. ఆరేళ్లుగా ఆ మాటను వెనక్కి తీసుకోలేక మోస్తోంది. ఇదంతా నాకు తెలుసు. ఎక్కడా అనకూడదని కూడా తెలుసు.

నేను అప్పుడే పదో తరగతిలోకి వచ్చాను. ఈసా టౌన్‌లోని బడికి బస్సులో వెళ్లేదాన్ని. అమ్మకు లెక్కలు చెప్పే బాధ్యత నా మీద పడింది. నాకంటే చెడ్డ మాస్టారు ఆ దీవి మొత్తం మీద ఉండి ఉండరు. చేతిలో స్కేలు పట్టుకుని నిలబడేదాన్ని. తప్పు చేస్తే పదిసార్లు రాయమనేదాన్ని. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి దానికి కళ్లూ ముక్కూ పెట్టేదాన్ని. అమ్మ పుస్తకం తెలుగులో, నాది ఇంగ్లీషులో. నేను పారాబోలా అంటే ఆమె పరావలయం అనేది. నేను వెర్టెక్స్ అంటే ఆమె శీర్షం అనేది. ఇద్దరం ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నామని తెలియడానికే వారం పట్టింది.

“ఇది ఎలా కనుక్కోవాలో చెప్పవే ముందు” అని అడిగేది.

“మైనస్ బీ బై టూ ఏ. అంతే. బట్టీ పట్టు.”

“అదే ఎందుకు?”

“పుస్తకంలో అలానే ఉంది.”

అమ్మ బట్టీ పట్టింది. నా యూనిఫాం ఇస్త్రీ చేస్తూ మైనస్ బీ బై టూ ఏ, చేపలు తోముతూ మైనస్ బీ బై టూ ఏ. కీర్తన పాడుకున్నట్టు పాడుకునేది. ఒక రోజు నాన్న అన్నం కలుపుకుంటూ, “ఈ బీ ఎవరే, ఇంటికి ఎప్పుడొస్తాడు” అని అడిగాడు.

అసలు గొడవ గ్రాఫు దగ్గర వచ్చింది. గ్రాఫు కాగితం మీద అయిదు చుక్కలు సరిగ్గానే పెట్టి, స్కేలు తీసుకుని, చుక్కకూ చుక్కకూ మధ్య తిన్నగా గీతలు లాగింది. పైన చివర మొనదేలి నిలబడింది. నేను పడీ పడీ నవ్వాను. “గీత వంపు తిరగాలమ్మా, ఇది టెంటులా ఉంది” అన్నాను.

అమ్మ కూడా నవ్వుతుందనుకున్నాను. ఆమె పుస్తకం మూసి, దాని మీద గ్రాఫు కాగితం మడిచి పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల చాలాసేపు కుళాయి శబ్దం వినిపించింది. కడగడానికి గిన్నెలేమీ లేవని నాకు తెలుసు.

ఆ మర్నాడే శుక్రవారం. ప్రతి శుక్రవారం మా ఇంటికి భోజనానికి ఒక మామయ్య వచ్చేవాడు. చుట్టం కాదు. కరీంనగర్ వైపు మనిషి, కాంక్రీటు పోయడానికి ముందు చెక్కలతో అచ్చులు కట్టే వడ్రంగి. నాన్నకు ఏదో సైటులో నీళ్లు దింపేటప్పుడు పరిచయం. అమ్మను చెల్లె అనేవాడు, నాన్నను బావ అనేవాడు. శుక్రవారం ఒక్కరోజు క్యాంపు వంట తప్పించుకుని అమ్మ చేసే చేపల పులుసు కోసం వచ్చేవాడు. చొక్కాకు రంపపు పొట్టు వాసన, చెవి మీద పెన్సిలు. నాకు ఎప్పుడూ జేబులోంచి వేరుశెనగ చిక్కీ తీసి ఇచ్చేవాడు.

“దుబాయొచ్చి పన్నెండేండ్లాయె బిడ్డా” అనేవాడు.

“ఇది బహ్రెయిన్ మామయ్యా.”

“మాకంత దుబాయే” అని నవ్వేవాడు. ప్రతి వారం నేను దిద్దేదాన్ని, ప్రతి వారం ఆయన అదే అనేవాడు.

ఆ రోజు ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేసరికి మంచం మీద ఆ గ్రాఫు కాగితం కనిపించింది. తీసి చూశాడు.

“ఇదేంది చెల్లె, గుడారమా?”

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. నాన్న నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. చివరికి అమ్మే చెప్పింది. పరీక్ష సంగతీ, తప్పిన సంగతీ, ఈ గీత వంకర పోవడం లేదన్న సంగతీ. ఆమె బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి.

మామయ్య పులుసు కలుపుకుంటూ విన్నాడు. నవ్వలేదు. ముల్లు తీసి పక్కన పెట్టి, “ఇది మా పనే గద” అన్నాడు. “రిఫా దిక్కు ఒక అరబ్బాయన ఇంటికి గేటు కమాను కడుతున్నం. గిదే గీత. ఇంజనీరు కాయితం ఇచ్చిండు. తిను ముందుగాల, మీదికి పోయి గీద్దాం.”

తినడం అయ్యాక ఎండ తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండు గంటలూ నేను కిటికీ దగ్గరే నిలబడి, ఎదురు మేడ నీడ వీధి దాటి ఎప్పుడు వస్తుందా అని చూశాను. సాయంత్రం నమాజుకు పిలుపు వినిపించాక నలుగురం మేడ మీదికి ఎక్కాం. కాళ్ల కింద నేల ఇంకా కాలుతోంది. దూరంగా సముద్రం తెల్లగా మెరుస్తోంది. ఎవరి వంటింట్లోంచో ఎండు రొయ్యలు వేగుతున్న వాసన వస్తోంది.

మేడ నేలంతా చదరపు సిమెంటు టైల్సు. మామయ్య అటూ ఇటూ చూసి, “ఇగో, మీ కాయితం” అన్నాడు. నిజమే. అంత పెద్ద గ్రాఫు కాగితం మా నెత్తి మీద ఉందని మాకెప్పుడూ తోచలేదు.

జేబులోంచి నీలం సుద్ద తీసి ఒక గీత లాగాడు. “ఇది నేల. కమాను ఇక్కడ కాలు పెడతది. ఎనిమిది టైల్స్ అవతల ఇంకో కాలు. చెల్లె, ఇప్పుడు నువ్వైతే ఏం జేస్తవ్?”

అమ్మ తడబడింది. “చుక్కలు పెట్టాలి.”

“ఎక్కడ పెడతవ్? ముందుగాల నడుమ పట్టాలె. నడుమ దొరకకుంట మేం మొల గూడ కొట్టం.”

అమ్మ ఎడమ కాలి నుంచి టైల్సు లెక్కపెట్టుకుంటూ నడిచి నాలుగో గీత మీద ఆగింది. మామయ్య అక్కడి నుంచి పైకి నాలుగు టైల్సు లెక్కపెట్టి సుద్దతో గుండ్రంగా చుట్టాడు. “ఇది నెత్తి. దీనికి మించి మీదికి పోదు.”

“శీర్షం” అంది అమ్మ మెల్లగా.

మామయ్య మడతలు నలిగిన కాగితం విప్పాడు. ఒక్కో అర మీటరుకు కమాను ఎంత ఎత్తు ఉండాలో అందులో ఉంది. ఆయన దాన్ని టైల్సు లెక్కలోకి మార్చి చదివాడు. కాలి దగ్గర సున్నా. ఒక టైలు లోపలికి వస్తే ఒకటిముప్పావు. రెండు టైల్సు వస్తే మూడు. మూడు టైల్సు వస్తే మూడుముప్పావు. నాలుగు దగ్గర నాలుగు. అక్కడితో కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

“మిగతా సగం?” అని అడిగాను.

“మిగతా సగం చదువుడెందుకు బిడ్డా? నడుమ దగ్గర అద్దం పెట్టినట్టు. ఇటు ఎంతనో అటు గంతే.”

అమ్మ అప్పటికే కుడివైపు వెళ్లిపోయింది. చీర కొంగు నడుముకు దోపుకుని, సుద్ద అందుకుని, మూడుముప్పావు, మూడు, ఒకటిముప్పావు, సున్నా అని పైకి అంటూ చుక్కలు పెట్టేసింది. ఒక్కటీ తప్పలేదు. ఆమె అంత వేగంగా లెక్కలు చేయడం నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత మామయ్య మూల పడి ఉన్న ఇటుక ముక్కలు తెచ్చి ఒక్కో చుక్క మీద ఒక్కోటి పెట్టాడు. నీళ్ల ట్యాంకు వెనక ఎవరో పారేసిన సన్నటి పొడుగాటి ప్లైవుడ్ బద్ద దొరికింది. దాన్ని ఇటుకల మీదుగా వంచి, ఒక కొసను నాన్నకు, ఒక కొసను నాకు ఇచ్చాడు. “గట్టిగ పట్టుకోర్రి, ఇడిస్తే ముక్కు పగుల్తది.” బద్ద ఇటుకలన్నిటినీ తాకుతూ వంగింది. ఎక్కడా మొన లేదు. నెత్తి దగ్గర ఒక్క క్షణం నేలకు సమాంతరంగా సాగి, అటు దిగిపోయింది.

“చూసినవా చెల్లె, కట్టె ఎక్కడన్న విరిగిందా? స్కేలు పెడితే విరుగుతది. గీతను కట్టెలెక్క వంచాలె.”

అమ్మ వంగి బద్ద వెంట సుద్ద లాక్కుంటూ పోయింది. నాకు ఆ కాగితంలోని అంకెలు తలలో తిరుగుతున్నాయి. సున్నా దగ్గరా ఎనిమిది దగ్గరా నేలను తాకింది. అంటే ఎక్స్‌ని ఎనిమిది మైనస్ ఎక్స్‌తో గుణించాలి. నాలుగు దగ్గర పదహారు వస్తుంది, కావాల్సింది నాలుగు, అంటే నాలుగుతో భాగించాలి. ఒకటి దగ్గర ఏడు బై నాలుగు. ఏడు బై నాలుగంటే ఒకటిముప్పావు.

నేను బద్ద వదిలేశాను. అది నాన్న మోచేతిని కొట్టి అవతల పడింది. ఎవరినీ పట్టించుకోకుండా సుద్ద లాక్కుని నేల మీదే రాసేశాను. విప్పి రాస్తే రెండు ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్ బై నాలుగు. ఏ అంటే మైనస్ పావు, బీ అంటే రెండు.

“అమ్మా, మైనస్ బీ బై టూ ఏ చెయ్యి.”

అమ్మ మోకాళ్ల మీద కూర్చుని చేసింది. మైనస్ రెండు. కింద మైనస్ అర. భాగించింది. నాలుగు.

ఆమె ఆ నాలుగు వైపు చూసింది. తలెత్తి, తను టైల్సు లెక్కపెట్టి ఆగిన చోటు వైపు చూసింది. మళ్లీ నాలుగు వైపు చూసింది.

“అయితే నెలరోజుల నుంచి నేను పాడుతోంది నడుమ గురించా?” అంది.

“అవునమ్మా” అన్నాను. ఆ మాట నాకు కూడా అప్పుడే తెలిసిందని చెప్పలేదు.

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది, సుద్ద నీలమంతా ముఖానికి అంటుకుంది. నాన్న మోచెయ్యి రుద్దుకుంటూ, “ఖలాస్, పరీక్ష పాసైపోయింది” అన్నాడు.

అంతలో మెట్ల దగ్గర చెప్పుల చప్పుడు. ఇంటి యజమాని, తెల్లటి నిలువు చొక్కా వేసుకున్న ముసలి బహ్రెయినీ, ట్యాంకు చూసుకోవడానికి పైకి వచ్చాడు. తన మేడంతా నీలం గీతలూ ఇటుకలూ చూసి నిలబడిపోయాడు. “యే క్యా హై?” అని, ఇదేంటని, హిందీలో అడిగాడు.

“పఢాయీ హై అర్బాబ్” అన్నాడు మామయ్య. చదువు, దొరా, అని.

“ఎవరిది?” అని ఆయన నన్ను చూపించాడు. మామయ్య కాదని తల ఊపి అమ్మను చూపించాడు. ముసలాయన అమ్మ ముఖం మీది నీలం మరకను చూశాడు, గీత చుట్టూ ఒకసారి నడిచాడు. శీర్షం దగ్గర ఆగి చెప్పు కొసతో చూపించి, ఇది గుమ్మమా అని అడిగాడు. అవునన్నాం. ఇక్కడెవరూ నీళ్లు పోయొద్దు, చెరిగిపోతుంది, అని హిందీలో చెప్పి దిగిపోయాడు. మర్నాడు పనిమనిషి చేత ఒక పళ్లెం ఖర్జూరాలు పంపాడు.

ఆ ఊళ్లో వేసవిలో వాన రాదు. గీత అలాగే ఉండిపోయింది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగి, పుస్తకం పట్టుకుని మేడ మీదికి వెళ్లేది. ఒక్కో లెక్కనూ టైల్సు మీద నడిచి చేసేది. ముందు నడుమ, తర్వాత నెత్తి, తర్వాత కాళ్లు. నేను స్కేలు పక్కన పడేశాను.

నా నోరు జారింది ఆ తర్వాతి శుక్రవారమే. సహవాసంలో ఆరాధన అయిపోయి అందరూ పులిహోర పొట్లాలు విప్పుతున్నారు. ఒక సిస్టర్ నా బుగ్గ పట్టుకుని, “ఏమ్మా, ముఖం వెలిగిపోతోంది, ఏంటి సంగతి” అంది. నాలో వారం రోజులుగా పొంగుతున్నదంతా బయటికి వచ్చేసింది. మేడ మీద గీత, ఇటుకలు, మైనస్ బీ బై టూ ఏ. చివరికి, “మా అమ్మ ఈసారి పది కచ్చితంగా పాసవుతుంది” అన్నాను.

“పదా?” అంది ఆ సిస్టర్. నాలుగడుగుల దూరంలో అమ్మ పాటల కాగితాలు సర్దుతోంది. ఆమె చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. కాగితాలన్నీ అంచులు సరిచేసి, సంచిలో పెట్టి, “వెళ్దాం పద” అంది.

దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. అమ్మ తిట్టలేదు. హూరా మలుపు దగ్గర ఆగి, నా ముక్కు తుడిచి, “నువ్వు ఉన్నమాటే చెప్పావు కదే. లేనిది చెప్పింది నేను” అంది. ఆ వారం ఆమె మేడ ఎక్కలేదు. పుస్తకం బియ్యం డబ్బా మీద అలాగే ఉండిపోయింది. నేను రోజూ సాయంత్రం ఒక్కదాన్నే పైకెళ్లి గీత మీద దుమ్ము చేత్తో తుడిచి వచ్చేదాన్ని.

తర్వాతి శుక్రవారం అమ్మ రాదనుకున్నాను. ఆమె అందరికంటే ముందు చీర కట్టుకుంది. ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేచి నిలబడింది. ఆమె గొంతు ఎప్పుడూ గట్టిగా ఉంటుంది, ఆ రోజు వెనక వరుసకు వినిపించలేదు.

“ఆరేళ్ల కిందట నేను పది పాసయ్యానని చెప్పాను. అది అబద్ధం. తొమ్మిదో తరగతిలో మానేశాను. దేవుడు నన్ను క్షమించాలి, మీరూ క్షమించాలి. కార్యదర్శి పని ఇంకెవరికైనా ఇవ్వండి. పరీక్ష మాత్రం రాస్తున్నాను. లెక్కల కోసం ప్రార్థన చేయండి.”

కూర్చుంది. నేను బెంచీ అంచు పట్టుకుని ఉన్నాను. ముందు వరుసలోంచి ఒక పెద్దామె మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది. అరబ్బుల ఇంట్లో వంట చేసే మనిషి, మా అందరిలోకీ పెద్ద.

“నేను అయిదో తరగతమ్మా. నన్నెవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు, అంతే తేడా. పాటల కాగితాలు నువ్వే రాయి. నీ అక్షరాలైతేనే నాకు కళ్లజోడు లేకుండా కనిపిస్తాయి.”

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. బయటికి వస్తుంటే ఒక పడుచు సిస్టర్ అమ్మ చెయ్యి పట్టుకుని, “అక్కా, ఆ పుస్తకం నాకూ ఓసారి చూపిస్తారా, నాదీ ఎనిమిదితోనే ఆగిపోయింది” అని గుసగుసగా అడిగింది. ఆ వారం నుంచి మేడ మీద ఇద్దరు విద్యార్థులు. అమ్మ ఆమెకు చెబుతుంటే విన్నాను. “ముందు నడుమ పట్టాలమ్మా” అంటోంది.

పరీక్ష ఈసా టౌన్‌లో ఒక బడిలో పడింది. చలికాలం గాలి అప్పుడే మొదలైంది. నాన్న ఖాళీ ట్యాంకర్‌లోనే మమ్మల్ని తీసుకెళ్లాడు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. రబ్బరు గొట్టం వాసన, అమ్మ జడలో మల్లె సెంటు వాసన. అమ్మ దారంతా పెదవులు కదుపుతూనే ఉంది. గేటు దగ్గర దిగి, తన కంటే సగం వయసు పిల్లల వరుసలో నిలబడి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

నాన్నా నేనూ బయట మూడు గంటలు. నాన్న సమోసాలు కొన్నాడు, తనది తినడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని తిరిగాడు. నేను అది కూడా తినేశాను. ఆయన గమనించలేదు.

అమ్మ బయటికి వచ్చినప్పుడు ముఖంలో ఏమీ తెలియలేదు. “గ్రాఫు వచ్చిందా?” అని పరుగెత్తాను.

“వచ్చింది. తలకిందులుగా వచ్చింది” అంది.

నా ప్రాణం పోయినంత పనైంది. మేడ మీద మేం గీసినవన్నీ కిందికి తెరుచుకునేవే, కమాను లాంటివే. గిన్నెలా పైకి తెరుచుకునేది ఒక్కటీ గీయలేదు. ఆ సంగతి మాస్టారినైన నాకు తోచనే లేదు.

“మరి ఏం చేశావ్?”

అమ్మ ట్యాంకర్ తలుపు దగ్గరికి వెళ్లింది. తలుపు నిండా సన్నటి ఇసుక దుమ్ము పట్టి ఉంది. దాని మీద వేలితో రాసింది. ఎక్స్ స్క్వేర్ మైనస్ ఆరు ఎక్స్ ప్లస్ అయిదు.

“ఎక్స్ స్క్వేర్ ముందు మైనస్ లేదు. అయినా నడుమ నడుమే కదా అనుకున్నాను. నడుమ మూడు వచ్చింది. మూడు పెట్టి చూస్తే మైనస్ నాలుగు. నేల కిందికి పోయింది. తప్పేమో అని మళ్లీ చేశాను, మళ్లీ అదే. ఇటు రెండు, అటు రెండు జరిగితే ఒకటి దగ్గరా అయిదు దగ్గరా సున్నా. సున్నా పెడితే అయిదు, అది నిలువు అక్షం మీద. దానికి అద్దంలో బొమ్మ ఆరు దగ్గర.” అంటూ ఒక్కో చుక్కా దుమ్ములో పొడిచింది. తర్వాత వేలు ఎత్తకుండా, ఒకే వంపులో, గీత లాగింది. పై నుంచి దిగి, అడుగున మలుపు తిరిగి, పైకి లేచింది. ఎక్కడా విరగలేదు. “ఇది నెత్తి కాదు, అడుగు. కనిష్ఠ విలువ అని రాశాను. సరేనా?”

నేను రెండుసార్లు సరిచూశాను. అంత ఆత్రంగా నా పరీక్ష పేపరు కూడా ఎప్పుడూ చూసుకోలేదు. “అన్నీ కరెక్టేనమ్మా” అన్నాను.

అమ్మ ట్యాంకర్‌కు ఆనుకుని ఊపిరి వదిలింది. “అయితే ఆకలేస్తోంది. ఆ సమోసాలేవీ?”

రెండు నెలల తర్వాత ఫలితం వచ్చింది. అమ్మ పాసైంది. కాని ఈ లోపల హోటలు వాళ్లు ఆ పోస్టు ఇంకొకామెకు ఇచ్చేశారు. నేను కోపంతో ఏడ్చాను. మర్నాడు అమ్మ మార్కుల కాగితం నకలు తీయించుకుని, ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, మేనేజరు గదికి వెళ్లి, నా ఫైల్లో పెట్టండి అని ఇచ్చి వచ్చింది. ఏడాదిన్నరకు ఆ పోస్టు మళ్లీ ఖాళీ అయితే ఫైలు తీశారు. ఆ కుర్చీలో అమ్మ ఎనిమిదేళ్లు కూర్చుంది. అమ్మ పాసయ్యాక ఆ పడుచు సిస్టర్ కూడా పది రాసింది.

వడ్రంగి మామయ్య ఆ ఏడాది చివర్లో ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. వెళ్లే ముందు చెవి మీది పెన్సిలు తీసి అమ్మకు ఇచ్చాడట. నేను బడిలో ఉన్నాను, చూడలేదు. హూరాలో ఆ భవనం కూల్చేటప్పుడు మాత్రం వెళ్లి చూశాను. మేడ అప్పటికే లేదు. అమ్మ పోయి ఇప్పటికి నాలుగేళ్లయింది.

ఈమధ్య పాత కాగితాలు సర్దుతుంటే నా పదో తరగతి మార్కుల జాబితా ఎక్కడా దొరకలేదు. లెక్కల్లో నాకెంత వచ్చాయో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అమ్మకు మాత్రం నలభై ఏడు.